ఈడీఐ నిర్మాతలు: కోడ్ రాసినవారు, ఒప్పందం రాసినవారు

ఒక కంపెనీ కంప్యూటర్లో తయారైన కొనుగోలు ఆర్డరు, మధ్యలో ఎవరూ చూసి మళ్లీ టైపు చేయనక్కర లేకుండా, మరో కంపెనీ కంప్యూటర్లోకి నేరుగా చేరి అక్కడ అమ్మకపు ఆర్డరుగా నమోదు కావడాన్ని ఎలక్ట్రానిక్ డేటా ఇంటర్‌ఛేంజ్ అంటారు. వాడుకలో అది ఈడీఐ. ఆర్డరు తర్వాత సరుకు బయల్దేరిందన్న కబురు, ఆ పైన బిల్లు, చెల్లింపు, కస్టమ్స్ డిక్లరేషన్, ఆసుపత్రి నుంచి బీమా కంపెనీకి క్లెయిము, అన్నీ ఈ దారినే నడుస్తాయి. యూనిక్స్ అనగానే కెన్ థాంప్సన్, లినక్స్ అనగానే లైనస్ టోర్వాల్డ్స్ గుర్తుకొస్తారు. ఈడీఐ అంటే మాత్రం ఆ రంగంలో పదేళ్లు పనిచేసినవారికి కూడా చప్పున ఒక్క పేరు తట్టదు. ఇక్కడ గొప్పవారు లేక కాదు, గొప్పతనాన్ని వెతికే చోటు వేరు కావడం వల్ల. మిగతా రంగాల్లో ఎవరి కోడ్ ఎన్ని యంత్రాల మీద నడుస్తోందో చూస్తే ప్రభావం తెలిసిపోతుంది. ఈడీఐలో ఆ లెక్క పనికిరాదు, ఎందుకంటే రెండు చివర్లా ఉన్న కోడ్ ఎప్పుడూ వేర్వేరు చేతులు రాసిందే. అందుకే ఈ వ్యాసం వేరే కొలత పెట్టుకుంటుంది: ఫలానా వ్యక్తిని ఎన్నడూ కలవని, ఆయన కంపెనీకి పైసా చెల్లించని ప్రోగ్రామరు, ఆయన రాసినదాన్ని చదివి, అవతలివాడితో మాట్లాడగల సాఫ్ట్‌వేర్ తయారు చేయగలిగాడా? ఆ లెక్కన చూస్తే పెద్ద కంపెనీలు వెనక్కి జరుగుతాయి. కొందరు ఒప్పంద రచయితలు ముందుకొస్తారు.

వారిలో మొదటివాడు ఎడ్వర్డ్ గిల్బర్ట్. 1948 జూన్‌లో సోవియట్ సేనలు పశ్చిమ బెర్లిన్‌కు రోడ్డు, రైలు, కాలువ మార్గాలు మూసేశాయి. అమెరికా, బ్రిటన్ విమానాలు పదిహేను నెలల పాటు ఆ నగరానికి తిండి, బొగ్గు మోశాయి. మొత్తం 23 లక్షల టన్నుల సరుకు, 2.7 లక్షలకు పైగా విమాన ప్రయాణాలు. విమానాలు నిమిషాల వ్యవధిలో దిగుతుంటే, ఏ విమానంలో ఏముందో చెప్పే కాగితాలు ఒక్కో సరఫరాదారు దగ్గర ఒక్కో నమూనాలో, ఒక్కోసారి ఒక్కో భాషలో వచ్చేవి. అమెరికా సైన్యంలో సరుకు రవాణా చూస్తున్న గిల్బర్ట్, ఆయన సహచరులు అందరికీ ఒకే సరుకు జాబితా నమూనా తయారు చేశారు. అది టెలెక్స్ మీద, రేడియో టెలిటైప్ మీద, చివరికి టెలిఫోన్లో చదివి వినిపించినా ఒకేలా అర్థమయ్యేది. కంప్యూటర్ ప్రసక్తే లేని ఈ జాబితాలో తర్వాతి ఈడీఐ మొత్తం విత్తన రూపంలో ఉంది. సమాచారం మోసే సాధనం ఏదైనా కావచ్చు, దాని అమరిక మాత్రం మారకూడదు అన్న నియమం అక్కడే పుట్టింది. ఆ తర్వాత డ్యూపాంట్ రసాయన కంపెనీలో చేరిన గిల్బర్ట్ 1960ల్లో తమ కంపెనీకీ, తమ సరుకు మోసే ట్యాంకర్ల సంస్థకూ మధ్య ఎలక్ట్రానిక్ సందేశాల పద్ధతి నిలబెట్టాడు. 1968లో అమెరికాలోని రైల్వే, ట్రక్కు, నౌక, విమాన రవాణా సంస్థలు కలిసి ట్రాన్స్‌పోర్టేషన్ డేటా కోఆర్డినేటింగ్ కమిటీని ఏర్పాటు చేసుకున్నప్పుడు దాన్ని నడిపించింది ఆయనే. 1975లో ఆ కమిటీ మొదటి ప్రమాణాలు అచ్చువేసింది.

ఇక్కడే మొదటి అభ్యంతరం. గిల్బర్ట్ సైన్యంలోనూ కంపెనీలోనూ రవాణా చూసిన మనిషి, ఆయన్ను సాఫ్ట్‌వేర్ డెవలపర్ల జాబితాలో ఎలా చేరుస్తారు? ప్రోగ్రామింగ్ అంటే యంత్రానికి ఆజ్ఞలు రాయడమేనని నిర్ణయించుకుంటే ఈ అభ్యంతరానికి జవాబు లేదు. కానీ ఈ పనిలో కష్టమైన భాగం ఆజ్ఞలు కాదు. ఏ వివరం తప్పనిసరి, ఏది ఐచ్ఛికం, ఏది ముందు, ఏది తర్వాత, ఒక ఆర్డరులో వంద వస్తువులుంటే ఆ వందా ఏ క్రమంలో పునరావృతం కావాలి, లేని వివరాన్ని ఎలా సూచించాలి. ఇవి తేలాక కోడ్ రాయడం సగటు ప్రోగ్రామరుకు కొన్ని వారాల పని. ఇవి తేలకుండా రాసిన కోడ్ ఎంత నైపుణ్యంతో రాసినా ఒక్క వ్యాపార భాగస్వామి దగ్గరే ఆగిపోతుంది. డేటా నిర్మాణాన్ని తేల్చినవాడిని డెవలపర్ కాదనడం, ఇంటి ప్లాను గీసినవాడు ఇటుక పేర్చలేదు కాబట్టి ఇల్లు కట్టడంలో లేడనడమే.

1979లో అమెరికన్ నేషనల్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూట్ ఈ పని కోసం ఎక్స్12 అనే కమిటీకి గుర్తింపునిచ్చింది. రవాణా రంగంలో పండిన అనుభవాన్ని అది కిరాణా, వాహనాలు, వైద్యం వంటి అన్ని రంగాలకూ విస్తరించింది. ఎక్స్12 సందేశాన్ని ఎప్పుడైనా పచ్చిగా తెరిచి చూసినవారికి మొదట కనిపించేది ఐఎస్ఏ అనే పంక్తి. ఆ పంక్తి ఒక చిన్న ఇంజనీరింగ్ అద్భుతం, దానికి దక్కాల్సిన గౌరవం ఎప్పుడూ దక్కలేదు. ఎక్స్12లోని మిగతా పంక్తుల్లో చాలా వివరాలకు పొడవు మారుతూ ఉంటుంది. ఈ ఒక్క పంక్తికి మాత్రం ప్రతి గడి పొడవూ ముందే ఖాయం. చివరి గుర్తుతో కలిపి సరిగ్గా 106 అక్షరాలు. ఎందుకంటే వివరాలను వేరు చేసే గుర్తు ఏదో ఈ పంక్తే చెబుతుంది. ఐఎస్ఏ అన్న మూడక్షరాల వెంటనే వచ్చే నాలుగో అక్షరం ఏదైతే అదే విభజన గుర్తు, 106వ అక్షరం ఏదైతే అది పంక్తి ముగింపు గుర్తు. అంటే తనను ఎలా చదవాలో సందేశమే తన తొలి పంక్తిలో చెప్పేస్తుంది. ఒకరు నక్షత్రం గుర్తు వాడొచ్చు, మరొకరు నిలువు గీత వాడొచ్చు, ముందుగా ఫోన్ చేసి అడగనక్కర లేదు. అపరిచిత ప్రోగ్రామరు పరీక్షకు ఇంతకన్నా సూటి జవాబు దొరకదు. దీని పక్కనే ఒక లోపమూ ఉంది: ఐఎస్ఏలో తేదీకి ఆరే అంకెలు. 2000 సంవత్సరం గండం గట్టెక్కడానికి లోపలి కవరులో తేదీని ఎనిమిది అంకెలు చేశారు గానీ, బయటి కవరైన ఐఎస్ఏను కదిపితే ఖాయమైన 106 అక్షరాల లెక్క చెడిపోతుంది కాబట్టి దాని జోలికి పోలేదు. ఈనాటికీ ఆ గడిలో సంవత్సరం రెండంకెలే. మంచి నిర్ణయం తర్వాతివారి చేతులు కట్టేయడం కూడా ప్రభావంలో భాగమే.

ఐరోపాలో ఈ పని ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం కింది వర్కింగ్ పార్టీ చేతిలో పడింది. అక్కడి వారు 1980ల ఆరంభానికే సొంత మార్గదర్శకాలు రాసుకున్నారు. రెండు ఖండాలకు రెండు వ్యాకరణాలు ఉంటే ఓడ రవాణా నడవదని 1980ల మధ్యలో ఇరుపక్షాలూ ఒకచోట కూర్చున్నాయి. ఫలితం ఎడిఫాక్ట్, దాని వాక్యనిర్మాణ నియమాలు 1987లో ఐఎస్ఓ 9735గా ఆమోదం పొందాయి. ఎక్స్12ను చూసి నేర్చుకున్న ఆనవాళ్లు, దాన్ని దిద్దిన ఆనవాళ్లు రెండూ ఇందులో ఉన్నాయి. యూఎన్ఏ అనే ఐచ్ఛిక శీర్షిక తర్వాత ఆరు అక్షరాల్లో గుర్తులన్నీ ప్రకటిస్తారు. అందులో ఒకటి దశాంశ గుర్తు. చుక్క పెట్టే బ్రిటన్‌కూ కామా పెట్టే జర్మనీకీ తగువు రాకుండా చూసిన ఏర్పాటు అది. మరొకటి విడుదల గుర్తు. కంపెనీ పేరులోనే విభజన గుర్తు ఉంటే దాని ముందు ప్రశ్నార్థకం పెడితే చాలు, అది మామూలు అక్షరమైపోతుంది. ఎక్స్12లో ఈ వీలు లేదు, డేటాలో రాని గుర్తును ఏరుకోవడం పంపేవాడి బాధ్యత. ఎడిఫాక్ట్ ప్రభావం ఎంత దూరం పోయిందో చూడాలంటే ఐక్యరాజ్యసమితి దాకా వెళ్లనవసరం లేదు. వ్యాపార సాఫ్ట్‌వేర్ కంపెనీ శాప్ తన సొంత ఐడాక్ సందేశాలకు ఆర్డర్స్, ఇన్‌వాయిక్, డెసాడ్వ్ అని ఎడిఫాక్ట్ పేర్లే పెట్టుకుంది. శాప్ మీద పనిచేసే వేలాది తెలుగు కన్సల్టెంట్లు రోజూ పలికే ఆ ఆరక్షరాల పేర్లు ఐక్యరాజ్యసమితి డైరెక్టరీ నుంచి వచ్చినవి.

ఎక్స్12, ఎడిఫాక్ట్ రెండూ కమిటీలు రాసినవి. కాబట్టి వ్యక్తులను వెతకడమే పొరపాటు, ప్రభావం సంస్థలదే అని వాదించవచ్చు. ఇందులో సగం నిజం ఉంది. యూఎన్ఏ శీర్షికను ఫలానా ఒక్కరు కనిపెట్టారని చెబితే అది కల్పన అవుతుంది. ఈ వ్యాసం అలా చెప్పదు. కానీ కమిటీ అనగానే రచయిత మాయం కాడు. కమిటీలో ముసాయిదా ఎవరో ఒకరే రాస్తారు, మిగతావారు దిద్దుతారు. సంతకం లేని రచనలో కూడా రచనా దక్షత ఉంటుంది. ఒకరి పేరు దొరికిన చోట పేరు చెప్పి, దొరకని చోట ఆ నిర్ణయాన్నే పరిశీలించడం ఇలాంటి సర్వేకు నిజాయితీ గల పద్ధతి. పేరు దొరికే సందర్భాలు 1990ల నుంచి పెరిగాయి, ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాల మీద రచయిత పేరు అచ్చువేసే ఆచారం వల్ల.

దానికి ముందు వాణిజ్య సాఫ్ట్‌వేర్ వారి వాదన వినాలి, అది బలమైనది. ప్రమాణాలు కాగితం మీద ఎంత అందంగా ఉన్నా, వాటిని నడిపించింది కంపెనీలు అమ్మిన ప్రోగ్రాములే కదా? 1970ల్లో అమెరికన్ హాస్పిటల్ సప్లై అనే సంస్థ ఆసుపత్రుల్లోనే ఆర్డరు టెర్మినళ్లు పెట్టింది. ఆ వ్యవస్థ పేరు ఏశాప్. ఆసుపత్రి సిబ్బంది అక్కణ్నుంచే సరుకు తెప్పించుకునేవారు, అమ్మకాలు పెరిగాయి, మేనేజ్‌మెంట్ విద్యార్థులు ఇప్పటికీ ఆ కథ చదువుతారు. కానీ ఆ టెర్మినల్ నుంచి ఆర్డరు పెట్టగలిగింది ఒకే ఒక్క అమ్మకందారుకు. ప్రతి సరఫరాదారూ తన టెర్మినల్ తెచ్చి పెడితే ఆసుపత్రి కొనుగోలు గది ఏమవుతుంది? చివరికి, ఆ సంస్థ బాక్స్టర్‌లో కలిసిన తర్వాత, ఆ వ్యవస్థను ఇతర అమ్మకందార్లకూ తెరవక తప్పలేదు. ఏశాప్ రాసినవారు సమర్థులే. వారి కోడ్ వేల ఆసుపత్రుల్లో నడిచింది. అయినా మరో కంపెనీ దాన్ని చదివి తన సాఫ్ట్‌వేర్ రాసుకునే వీలు లేకపోవడంతో, కంపెనీ వ్యూహం మారగానే దాని ప్రాభవం కూడా ముగిసింది.

వాల్యూ యాడెడ్ నెట్‌వర్క్‌లది ఇంకాస్త సంక్లిష్టమైన కథ. కంపెనీలు ఒకదానికొకటి నేరుగా మోడెమ్ కలుపుకోవడం కష్టమైన రోజుల్లో, జనరల్ ఎలక్ట్రిక్ సమాచార సేవల విభాగం, ఒహైయోలోని ఆర్డర్‌నెట్, అట్లాంటాలో టైకో హౌల్ స్థాపించిన హార్బింజర్ వంటివి మధ్యలో తపాలా పెట్టెలు నడిపాయి. పంపేవాడు తన పెట్టెలో వేస్తే, అందుకునేవాడు తన వేళకు వచ్చి తీసుకునేవాడు. ఆర్డర్‌నెట్‌ను కలుపుకుని ఎదిగిన స్టెర్లింగ్ వారి జెన్‌ట్రాన్ అనువాదక సాఫ్ట్‌వేర్ ఒక తరం ప్రోగ్రామర్లకు ఈడీఐ అక్షరాభ్యాసం చేయించింది. ఏ వివరాన్ని ఏ గడిలోకి మళ్లించాలో తెర మీద గీతలు గీసి చూపించే మ్యాపింగ్ పద్ధతి చాలామందికి అక్కడే అలవాటైంది. ఈ కంపెనీలు లేకపోతే ఈడీఐ ఇన్ని పరిశ్రమలకు పాకేది కాదు, సందేహం లేదు. అయితే వీరి సుంకం వెయ్యి అక్షరాలకు ఇంత అని ఉండేది. ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకో నెట్‌వర్క్‌కు సందేశం దాటాలన్నా ఖర్చే. ఆ తర్వాత ఏం జరిగిందంటే, హార్బింజర్ పెరెగ్రీన్‌లో కలిసింది, అక్కణ్నుంచి ఇనోవిస్‌గా తేలింది, అది జీఎక్స్ఎస్‌లో కలిసింది, 2014లో జీఎక్స్ఎస్‌ను ఓపెన్‌టెక్స్ట్ కొనేసింది. స్టెర్లింగ్ కామర్స్‌ను 2000లో ఎస్‌బీసీ కొంది, 2010లో దాదాపు 140 కోట్ల డాలర్లకు ఐబీఎం కొంది. ఇన్నిసార్లు యజమానులు మారినా వాటి గుండా పోయే ఎక్స్12 సందేశాలు, అంటే 850 ఆర్డరు, 810 బిల్లు, 856 సరుకు నోటీసు మారలేదు. సాఫ్ట్‌వేర్ చేతులు మారుతున్నా కొనుగోలుదార్లు కంగారు పడకపోవడానికి కారణం ఆ స్థిరత్వమే, అది ఆ కంపెనీలు రాసింది కాదు.

1995 మార్చిలో డేవ్ క్రాకర్ ఆర్ఎఫ్‌సీ 1767 అనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం రాశాడు. ఈయన కొత్తవాడు కాదు; ఈమెయిల్ శీర్షికలు ఎలా ఉండాలో నిర్ణయించిన 1982 నాటి ఆర్ఎఫ్‌సీ 822 కూడా ఈయనదే. 1767 చాలా చిన్న పత్రం. ఈడీఐ సందేశాన్ని ఈమెయిల్ లోపల పెట్టాలంటే దాని మీద ఏ ముద్ర వేయాలో చెబుతుంది, అంతే. ఎక్స్12కు ఒకటి, ఎడిఫాక్ట్‌కు ఒకటి, ఇరుపక్షాలూ మాట్లాడుకుని వాడే ఇతర రూపాలకు మరొకటి, మొత్తం మూడు ముద్రలు. సందేశం లోపల ఒక్క అక్షరం ముట్టుకోలేదు. నా అంచనాలో ఈడీఐ చరిత్రలో అక్షరానికి ఇంత ఫలితమిచ్చిన రచన ఇంకోటి లేదు. ఎందుకంటే తపాలా పెట్టెల యజమానులను దాటి పోయే దారికి మొదటి రాయి వేసింది అదే. ఆ దారిని పూర్తి చేసినవారు డేల్ మోబర్గ్, రిక్ డ్రమండ్. 2005 జులైలో ఆర్ఎఫ్‌సీ 4130గా వచ్చిన ఏఎస్2 వారి పేర్ల మీదే ఉంది, అయితే దాని ముసాయిదాలు అప్పటికే ఏళ్లుగా వాడుకలో ఉన్నాయి. సందేశాన్ని సంతకం చేసి, రహస్యలిపిలోకి మార్చి, మామూలు వెబ్ మార్గంలోనే పంపడం ఇందులో సులువైన భాగం. అసలు తెలివి రసీదులో ఉంది. అందుకున్నవాడు తనకు చేరిన సందేశపు గణిత ముద్రను లెక్కకట్టి, దాన్ని సంతకం చేసిన రసీదులో పెట్టి వెనక్కి పంపాలి. మీ ఆర్డరు మాకు అందనేలేదు అని గానీ, అందింది గానీ అంకెలు వేరు అని గానీ ఇక ఎవరూ బుకాయించలేరు. నెట్‌వర్క్ కంపెనీలు సాక్షులుగా నిలబడి వసూలు చేసే సుంకానికి ఉన్న సమర్థన ఈ రసీదుతో చాలావరకు పోయింది. డ్రమండ్ సంస్థ పోటీ కంపెనీల ఉత్పత్తులన్నిటినీ ఒకదానితో ఒకటి కలిపి పరీక్షించే పని కూడా చేపట్టింది. అపరిచితుల కోడ్ ఒకరితో ఒకరు మాట్లాడుతుందా అన్న ప్రశ్నకు ఆచరణలో జవాబు వెతికిన ఏర్పాటు అది.

దీనికి వ్యాపార చరిత్రకారుల అభ్యంతరం ఊహించదగినదే. 2002లో వాల్‌మార్ట్ తన సరఫరాదార్లను ఏఎస్2 వాడమని ఆదేశించకపోతే మోబర్గ్, డ్రమండ్ పేర్లు ఎవరికి తెలిసేవి? ఈడీఐలో ప్రమాణం గెలవడం దాని గుణం వల్ల కాదు, పెద్ద కొనుగోలుదారు బలం వల్ల అంటారు వారు. బలం ఉన్నమాట నిజమే. చిన్న సరఫరాదారుకు ఈడీఐ ఎప్పుడూ ఇష్టంగా నేర్చుకున్న విద్య కాదు, ఆర్డరు పోతుందన్న భయంతో నేర్చుకున్నది. కానీ వాల్‌మార్ట్ అంత బలం ఉన్న సంస్థ సొంత పద్ధతి రాసి రుద్దగలిగేది, ఏశాప్ నాటి కంపెనీలా. అలా చేయకుండా బయట రాసి ఉన్న పత్రాన్ని ఎంచుకుంది. దాంతో ఆ సరఫరాదారు కొన్న సాఫ్ట్‌వేర్ ఇంకో కొనుగోలుదారుకూ పనికొచ్చింది. ఏఎస్2 ఎంత వేగంగా పాకాలో బలం తేల్చింది. ఆ వేగం తర్వాత ఎవరికి లాభించాలో తేల్చింది మాత్రం పత్రం అందరికీ తెరిచి ఉండటం.

1998 ఫిబ్రవరిలో ఎక్స్ఎంఎల్ వచ్చాక పాత ఈడీఐ పని అయిపోయిందని పత్రికలు రాయడం మొదలుపెట్టాయి. ఎక్స్ఎంఎల్ కార్యవర్గాన్ని నడిపిన సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజనీరు జాన్ బోసాక్ మాత్రం ఒక చిక్కును గుర్తించాడు. ఎక్స్ఎంఎల్ వ్యాకరణమే తప్ప పదకోశం కాదు. ఎవరికి వారు తమ ఇన్‌వాయిస్‌ను ఎక్స్ఎంఎల్‌లో రాసుకుంటే పాత గందరగోళమే కోణాకారపు బ్రాకెట్లలో మళ్లీ వస్తుంది. అదే జరిగింది కూడా, డజన్ల కొద్దీ రూపాలు పుట్టుకొచ్చాయి. వాటిలో రాబర్ట్ గ్లుష్కో బృందం వియో సిస్టమ్స్‌లో మొదలుపెట్టిన వ్యాపార పత్రాల పదకోశం ఒకటి. 1999లో కామర్స్ వన్ ఆ కంపెనీని కొన్నాక అది ఎక్స్‌సీబీఎల్ అయింది. కామర్స్ వన్ డాట్‌కామ్ బుడగలో ఆకాశానికి ఎగిరి 2004లో దివాలా తీసింది. దాని మార్కెట్లు, కోడ్ కాలగర్భంలో కలిసిపోయాయి. పదకోశం మాత్రం మిగిలింది, ఎందుకంటే బోసాక్ అధ్యక్షత వహించిన యూబీఎల్ (యూనివర్సల్ బిజినెస్ లాంగ్వేజ్) కమిటీ ఎక్స్‌సీబీఎల్‌నే ముడిసరుకుగా తీసుకుంది. 2004 నవంబరులో ఎనిమిది పత్రాలతో యూబీఎల్ 1.0 వచ్చింది. టిమ్ మెక్‌గ్రాత్, కెన్ హోల్మన్ వంటివారు దాన్ని ఓపికగా పెంచి 2013 నాటి 2.1లో 65 పత్రాలకు చేర్చారు. 2.0కు చెల్లిన పత్రం 2.1కూ చెల్లాలన్న నియమాన్ని పట్టుదలగా కాపాడారు. డెన్మార్క్ ప్రభుత్వం 2005 ఫిబ్రవరి నుంచే తనకు వచ్చే బిల్లులన్నీ ఎలక్ట్రానిక్ రూపంలోనే ఉండాలంది, దానికి యూబీఎల్ తొలి ముసాయిదానే ఆధారం. ఆ తర్వాత ఐరోపా ప్రమాణం ఈఎన్ 16931 గుర్తించిన రెండు రూపాల్లో యూబీఎల్ ఒకటి. కంపెనీ చచ్చినా పదకోశం బతికిన ఈ ఉదంతం ఈ వ్యాసపు వాదనకు దొరికిన గట్టి సాక్ష్యం.

మరైతే ఒప్పందాలు ఇంత పక్కాగా ఉంటే ఈడీఐ మ్యాపింగ్ అనే ఉద్యోగం ఎందుకు బతికుంది? ఈ ప్రశ్న తెలుగువారికి పరాయిది కాదు. అమెరికాలో 1996 నాటి హిపా చట్టం ఆరోగ్య బీమా లావాదేవీలకు ఎక్స్12 సందేశాలు తప్పనిసరి చేసింది. 2003 అక్టోబరు నుంచి అమలు, 2012 జనవరి నుంచి 5010 కూర్పుకు మార్పు. 837 క్లెయిము, 835 చెల్లింపు, 270, 271 అర్హత విచారణ అన్నవి హైదరాబాదు ఆఫీసుల్లోనూ, డాలస్, న్యూజెర్సీ క్లయింటు ఆఫీసుల్లోనూ పనిచేసే తెలుగు ఇంజనీర్లకు నోటికి వచ్చిన అంకెలు. ఆ ఉద్యోగాల కోసం అమీర్‌పేటలో కోర్సులు నడిచాయి. వారి రోజువారీ పనిలో ఎక్కువ భాగం ప్రమాణాన్ని చదవడం కాదు, ఒక్కో బీమా సంస్థ ప్రమాణం పైన విడుదల చేసే కంపానియన్ గైడును చదవడం. ప్రమాణం నిజంగా గెలిస్తే ఆ గైడు ఉండకూడదని విమర్శకులు అంటారు. వారి మాటలో పస ఉంది. ప్రమాణం రాసినవారు గడి ఎక్కడుందో చెప్పగలిగారు, ఆ గడిలో నింపే విలువను ఫలానా సంస్థ ఎలా అర్థం చేసుకుంటుందో పూర్తిగా చెప్పలేకపోయారు. ఐచ్ఛికం అని వదిలిన ప్రతి గడీ ఆ తర్వాత ఎవరో ఒకరి మ్యాపింగ్ పనిగా తేలింది. అయినా గైడు పదుల పేజీల్లో తేడాలు మాత్రమే చెప్పి ఊరుకోగలుగుతోందంటే, మిగతా వందల పేజీల గురించి తగువు లేదన్నమాట. ఒప్పందం ఎక్కడ ముగిసిందో మ్యాపింగ్ ఉద్యోగం అక్కడ మొదలవుతుంది.

ఓపెన్ సోర్స్ డెవలపర్ల స్థానం ఈ కొలతలో ప్రత్యేకమైనది. నెదర్లాండ్స్‌కు చెందిన హెంక్-యాన్ ఎబర్స్ పైథాన్‌లో రాసిన బాట్స్ అనువాదకం, టామ్ ఫెనెల్లీ జావాలో మొదలుపెట్టిన స్మూక్స్, ఆస్ట్రియా డెవలపర్ ఫిలిప్ హెల్గర్ రాసిన ఫేజ్4 వంటివి లైసెన్సు కొనలేని చిన్న సంస్థలకు కూడా ఈ పనిని అందుబాటులోకి తెచ్చాయి. ఐరోపా ప్రభుత్వ కొనుగోళ్ల కోసం 2008లో పైలట్‌గా మొదలైన పెప్పాల్ నెట్‌వర్క్‌లో చేరదలచిన సంస్థ ఇప్పుడు ప్రమాణం చదివి మొదటి నుంచి రాసుకోనక్కర లేదు, ఫేజ్4ను తీసుకుని తన వ్యవస్థకు అతికించుకోవచ్చు. కోడ్ రాసినవారికన్నా ఒప్పందం రాసినవారే గొప్ప అన్న మాటకు ఇది సవాలు కాదా? కొంతవరకు అవును. ప్రమాణం చెప్పింది అస్పష్టంగా ఉన్నచోట, అందరి చేతిలో ఉన్న కోడ్ ఎలా ప్రవర్తిస్తే అదే ఆచరణలో ప్రమాణమైపోతుంది. అక్కడ హెల్గర్ లాంటివారు ఒప్పంద రచయితలతో సమానం. చదవడానికి తెరిచి ఉన్న కోడ్ కూడా ఒక పత్రమే కాబట్టి, మొదట పెట్టుకున్న కొలత వీరిని బయటికి నెట్టదు. లోనికే తీసుకుంటుంది.

చివరి అభ్యంతరం ఏపీఐలది. వెబ్ సేవలు ఇంత సులువైపోయాక ఎవరికి వారు ఏపీఐ రాసి అచ్చువేస్తే చాలదా, ఈ ముసలి ప్రమాణాలెందుకు అన్నది యువ ప్రోగ్రామర్ల ప్రశ్న. ఒక్కో కంపెనీ తన ఏపీఐ తానే రాసుకుంటే, యాభై మంది కొనుగోలుదార్లున్న సరఫరాదారు యాభై ఏపీఐలు నేర్చుకోవాలి, వారిలో ఒకరు కూర్పు మార్చినప్పుడల్లా మళ్లీ రాయాలి. ఏశాప్ టెర్మినళ్లు ఆసుపత్రి గదిలో వరుసగా పేర్చినట్టే అది. ఏపీఐ పద్ధతి బాగా నడిచిన చోట దాని వెనుక ఉమ్మడి రూపం ఉండి తీరుతుంది. భారతదేశపు జీఎస్టీ ఇ-ఇన్‌వాయిస్ ఇందుకు దగ్గరి ఉదాహరణ. 2020 అక్టోబరు 1న రూ. 500 కోట్లకు మించిన టర్నోవరు ఉన్న సంస్థలతో మొదలై, 2023 ఆగస్టు 1 నాటికి రూ. 5 కోట్లకు మించిన వాటి దాకా వచ్చింది. ఇక్కడ బిల్లు అమ్మినవాడి నుంచి కొన్నవాడికి నేరుగా పోదు, ముందు రిజిస్ట్రేషన్ పోర్టల్‌కు పోయి 64 అక్షరాల సంఖ్య, సంతకం చేసిన క్యూఆర్ కోడ్ తెచ్చుకుంటుంది. వాల్‌మార్ట్ స్థానంలో ప్రభుత్వం ఉంది, ఎక్స్12 స్థానంలో జేసన్ ఉంది. ఇందులోనూ ఏ గడి తప్పనిసరి, ఏది ఐచ్ఛికం అన్న పట్టికే మూలం, అది అందరూ చూసేలా ప్రచురితమైంది. దాని ఆధారంగా శాప్, ట్యాలీలతో పాటు ఊళ్లలోని చిన్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారీదార్లు ఎవరి కోడ్ వారు రాసుకున్నారు. విజయవాడ హోల్‌సేల్ వ్యాపారి తన పాత బిల్లింగ్ ప్రోగ్రామును పారేయకుండా, అది రాసిన మనిషి చేతే ఒక కొత్త భాగం చేర్పించుకుని ఆ పోర్టల్‌తో మాట్లాడగలుగుతున్నాడు.